కొవ్వాడలో కాంక్రీటు పడకముందే వాన లెక్క మొదలుపెట్టండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,
అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ అధికారులకు,
అణుశక్తి నియంత్రణ మండలికి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి,

నమస్కారం.

రణస్థలం మండలం కొవ్వాడ దగ్గర ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. అవి రావాలా వద్దా అన్న వాదన వేరే చోట జరుగుతోంది, జరగాలి కూడా. ఈ లేఖలో మేము అడిగేది ఒక్కటే. ఆ చుట్టుపక్కల పడే వాననీటిలో రేడియోధార్మికత ఇవాళ ఎంత ఉందో కనీసం మూడు వానాకాలాల పాటు కొలవండి. ఆ కొలత జిల్లాలోని కాలేజీలతో కలిసి చేయండి. వచ్చిన అంకెలు వచ్చినట్టే జనం ముందు పెట్టండి. ఈ పని రియాక్టరు పునాదికి ముందు జరగాలి. నిరుడు పడిన వానను ఈ ఏడు ఎవరూ పట్టి తేలేరు.

గాలి, మట్టి, చేపలు, బావినీరు అన్నీ కొలవాల్సినవే. అయినా వానను ముందు పెడుతున్నాం. గాలిలోకి ఎక్కిన రేణువుల్ని గంటల వ్యవధిలో నేలమీదికి దించేది అదే కాబట్టి. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదం జరిగితే, ఆ తరువాతి వారంలో ఇంగ్లండ్‌లోని కంబ్రియా కొండల మీద, వేల్స్‌లో గట్టి వానలు పడ్డాయి. అక్కడికి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ వాన దించిన రేడియోధార్మిక సీజియం గడ్డిలోకి, గడ్డి నుంచి గొర్రెల్లోకి చేరింది. గొర్రెల అమ్మకం మీద పెట్టిన ఆంక్షలు పూర్తిగా తొలగేసరికి 2012 అయింది. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం నుంచి వాయవ్యంగా కదిలిన మేఘం ఇటాటే గ్రామం మీదికి వచ్చిన వేళకు అక్కడ వాన, మంచు పడ్డాయి. ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. అంతకంటే దగ్గరున్నా వాన తగలని కొన్ని చోట్ల అంత పడలేదు. ఎంత దూరం అన్నదానికంటే ఎక్కడ వాన పడింది అన్నదే ఆ రెండు చోట్లా ఎక్కువ లెక్కలోకి వచ్చింది.

ఇక రెండో కారణం. కేంద్రం నడవడం మొదలయ్యాక ఏదో ఒక శ్రావణమాసంలో, వాన వెలిసిన వెంటనే, ఎవరో ఒక కుర్రాడు రేడియోధార్మికతను పట్టే చేతి పరికరం గైగర్ కౌంటర్‌ను తడిసిన బండి సీటు మీద పెడతాడు. ముల్లు మామూలుకు నాలుగైదు రెట్లు చూపిస్తుంది. అది నిజమైన కొలతే. కానీ ఆ కొలత రియాక్టరు లేని ఊళ్లోనూ వస్తుంది, ఇవాళ కొవ్వాడలోనూ వస్తుంది. ఆ సాయంత్రానికి వాట్సాప్‌లో ఆ వీడియో జిల్లా అంతా తిరుగుతుంది. అప్పుడు మీరు ‘ఇది సహజమే’ అంటే నమ్మడానికి జనం దగ్గర ఆధారం ఉండదు, చూపించడానికి మీ దగ్గర పాత అంకె ఉండదు. నిజంగా ఏదైనా బయటికి వచ్చిన రోజున కూడా ఇదే చిక్కు: అది సహజం కాదని రుజువు చేయడానికి ఊరి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. పాత లెక్క ఉంటే ఇద్దరికీ రక్ష.

వానలో సహజంగా ఏముంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. తక్కిన పద్ధతంతా దాని మీదే ఆధారపడి ఉంది.

నేలలోని యురేనియం నుంచి రేడాన్ వాయువు పుట్టి గాలిలోకి లేస్తుంది. దాని అర్ధాయువు, అంటే సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం, 3.8 రోజులు. అది విచ్ఛిన్నమై పుట్టే సీసం-214, బిస్మత్-214 దుమ్ము కణాలకు అంటుకుని మేఘంలోకి, చినుకులోకి చేరతాయి. వీటి అర్ధాయువులు 27 నిమిషాలు, 20 నిమిషాలు. అప్పుడే పడిన వాననీటిలో ఈ రెండింటి వల్లే లీటరుకు పదులు, ఒక్కోసారి వందల బెకరెళ్ల రేడియోధార్మికత ఉంటుంది (సెకనుకు ఒక విచ్ఛిన్నం జరిగితే ఒక బెకరెల్). మూడు నాలుగు గంటలకు దాదాపు ఏమీ మిగలదు. ఇది కాక, కాస్మిక్ కిరణాలు పైవాతావరణంలో నత్రజనిని, ఆక్సిజన్‌ను కొట్టి బెరీలియం-7ను పుట్టిస్తాయి. దాని అర్ధాయువు 53 రోజులు, వానలో లీటరుకు ఒక బెకరెల్ అటూ ఇటూ. రేడాన్ వరుసలోనే చాలాకాలం మిగిలే సీసం-210 ఉంటుంది, దానిది 22 ఏళ్లు. రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం కొద్దిగా ఉంటుంది. ఇవన్నీ మనుషులు ఏ రియాక్టరూ కట్టకముందు నుంచీ పడుతున్నవే.

మన తీరానికి ఇంకొకటి ఉంది. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు మోనజైట్ ఉంది. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం. థోరియం వరుసలో పుట్టే థోరాన్ వాయువు నిమిషం లోపే సగం విచ్ఛిన్నమవుతుంది కాబట్టి అది దూరం పోలేదు. దాని సంతతి, అంటే అది విచ్ఛిన్నమయ్యాక పుట్టే, సీసం-212కు మాత్రం 10.6 గంటల అర్ధాయువు. అంటే హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో వాననీటిని తుడిచిన కాగితంలో రేడియోధార్మికత నాలుగు గంటలకు పోతే, మన ఒడ్డున అలాంటి కాగితంలో మర్నాటికీ కొంచెం మిగిలే అవకాశం ఉంది. వేరే ఊరి పట్టికలు తెచ్చి ఇక్కడ పోల్చడం ఎందుకు కుదరదో దీన్నిబట్టే తెలుస్తుంది. కొవ్వాడకు కొవ్వాడ లెక్కే కావాలి.

మొదటి కొలత చాలా చవకది, ఏ జూనియర్ కాలేజీ అయినా చేయగలదు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు స్టీల్ పళ్లెం శుభ్రంగా కడిగి ఆరబెట్టి, వాన మొదలవగానే ఆరుబయట పెట్టాలి. వాన తగ్గగానే, ఐదు నిమిషాలు దాటకుండా, ఒకే ఒక్క టిష్యూ కాగితంతో పళ్లెం మొత్తం తుడిచి, దాన్ని కౌంటర్ గొట్టం సైజుకు మడిచి, పల్చటి పాలిథిన్ సంచిలో పెట్టి గొట్టానికి ఆనించాలి. గొట్టం తడవకూడదు. ఆ తరువాత నిమిషానికోసారి చొప్పున నాలుగు గంటలు లెక్క రాసుకోవాలి. అంతకుముందే, పొడి కాగితం పెట్టి గంటసేపు నేపథ్య లెక్క, అంటే నమూనా లేకుండానే ఎప్పుడూ వచ్చే లెక్క, తీసి ఉంచాలి. ఉదాహరణకు నేపథ్యం నిమిషానికి 20 అయి, తుడిచిన కాగితం 120 చూపిస్తే, నికరం 100. అది సుమారు అరగంట నుంచి ముప్పావుగంటలో 50కి, అలా సగం సగంగా దిగిపోతే రేడాన్ సంతతి. నాలుగు గంటల తరువాత నేపథ్యం మీద కొంచెం మిగిలి, అది మర్నాడు పొద్దుటికి సగమైతే థోరాన్ సంతతి. ఐదు రోజుల తరువాత కూడా తగ్గకుండా నిలబడితే ఆ కాగితాన్ని పారేయకుండా సీలు వేసి పెద్ద ప్రయోగశాలకు పంపాలి.

ఇందులో చేసే తప్పులు మూడు. పది నిమిషాలు ఆలస్యంగా తుడవడం మొదటిది. అప్పటికే కొంత పోయి ఉంటుంది, రెండు ఊళ్ల అంకెల్ని పోల్చలేం. రెండోది, నిమిషం పాటు ఒక్కసారి చూసి అంకె రాసేయడం. 20 వచ్చే చోట 15 కూడా రావచ్చు, 26 కూడా రావచ్చు. లెక్క ఎంతైతే దాని వర్గమూలమంత ఊగిసలాట ఉంటుంది. పది నిమిషాలు కలిపితే 200, దాని ఊగిసలాట 14, అంటే ఏడు శాతం. మూడోది, కౌంటర్ తెర మీద కనిపించే మైక్రోసీవర్ట్ అంకెను, అంటే ఒంటికి తగిలే మోతాదు అంకెను, ప్రకటించడం. ఆ అంకె గొట్టాన్ని సీజియం గామా కిరణాలకు సరిచూసి వేసినది. కాగితం నుంచి వచ్చే బీటా కణాలకు, అంటే విచ్ఛిన్నంలో వెలువడే ఎలక్ట్రాన్లకు, అది వర్తించదు. నిమిషానికి లెక్క ఎంత వచ్చిందన్నదే రాయాలి.

ఈ తుడుపు పరీక్ష సహజ రేడాన్ లెక్కకు పనికొస్తుంది, జనానికి చూపించడానికి బాగుంటుంది. సీజియం లీటరుకు బెకరెల్‌లో చిన్న వంతే ఉంటే అది పట్టలేదు. దానికి నీటిని పోగేయాలి.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మేము సూచించేది 50 సెంటీమీటర్ల చదరపు స్టీల్ పళ్లేలు రెండు, అంచు 15 సెంటీమీటర్ల లోతు. కలిపి అర చదరపు మీటరు. 20 మిల్లీమీటర్ల వానకు 10 లీటర్లు వస్తాయి, మనకు ఆ మాత్రం కావాలి. ఒక్కో పళ్లెం కింద 20 లీటర్ల కొత్త హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) క్యాన్. నూనె క్యాన్లు, పాల క్యాన్లు కడిగి వాడడం వద్దు, గోడకు పట్టిన జిడ్డు లోహాల్ని పట్టి ఉంచుతుంది. పళ్లెం నేలకు కనీసం మీటరు ఎత్తున ఉండాలి. మన ఒడ్డున ఇది మరీ ముఖ్యం: గట్టి చినుకు పడితే ఇసుక ఎగిరి పళ్లెంలో పడుతుంది, ఆ ఇసుకలో మోనజైట్ గింజ ఒక్కటి ఉన్నా మొత్తం నమూనా థోరియం లెక్కగా మారిపోతుంది. కింద గడ్డి గానీ కొబ్బరిపీచు చాప గానీ పరచాలి. చుట్టూ ఉన్న సరుగుడు చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెట్టింపు దూరంలో పళ్లెం ఉండాలి. ఆకుల మీద నుంచి కారే నీరు ఆకుల మీద పేరుకున్న దుమ్మునంతా కడిగి తెస్తుంది.

డాబా గొట్టం నుంచి వచ్చే నీరు పట్టి పంపే ఆలోచన చాలామందికి వస్తుంది. దయచేసి ఒప్పుకోవద్దు. డాబా మీది పాచిలో ఏళ్ల తరబడి చేరిన సీసం-210, 1950, 60 దశకాల బాంబు పరీక్షల నాటి సీజియం అవశేషం కూడా ఉండొచ్చు. సిమెంటులో పొటాషియం, థోరియం ఉంటాయి. ఆ నమూనా ఇవాళ్టి వాన సంగతి చెప్పదు, ఆ ఇంటి పైకప్పు చరిత్ర చెబుతుంది.

పళ్లెం ఎప్పుడూ తెరిచి ఉంటే రెండు వానల మధ్య రాలే దుమ్ము, పక్షి రెట్ట అందులో చేరతాయి. రెట్టలో పొటాషియం-40 ఉంటుంది. వాన రాగానే మూత తెరుచుకుని, ఆగగానే మూసుకునే యంత్రాలున్నాయి. ప్రధాన స్టేషన్‌లో అది పెట్టాలి. తక్కిన చోట్ల తెరిచిన పళ్లెమే పెట్టి, అది ‘దుమ్ముతో కలిసిన నమూనా’ అని రిజిస్టరులో స్పష్టంగా రాయాలి. రెండు రకాల అంకెల్ని ఒకే గడిలో కలపకూడదు.

క్యాన్‌లో వాన పడకముందే గాఢ నత్రికామ్లం లీటరుకు 2 మిల్లీలీటర్ల చొప్పున, 20 లీటర్ల క్యాన్‌కు 40 మిల్లీలీటర్లు పోసి ఉంచాలి. ఆమ్లం లేకపోతే బెరీలియం, సీసం, పొలోనియం ప్లాస్టిక్ గోడకు అతుక్కుంటాయి. నీరు ప్రయోగశాలకు వస్తుంది, కొలవాల్సిన పదార్థం ఖాళీ క్యాన్‌లో ఉండిపోతుంది. మంచి డిటెక్టర్ ఉన్న చోట కూడా తక్కువ అంకెలు రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ఆ ఆమ్లం వేసేది కాలేజీ ల్యాబ్ సిబ్బందే అయి ఉండాలి, చేతి తొడుగులు, కళ్లద్దాలతో. క్యాన్‌కు తాళం, మీద హెచ్చరిక ఉండాలి. విద్యార్థుల చేతికి ఇవ్వకూడదు. వాన ఆగాక పళ్లేన్ని అర లీటరు పలుచని ఆమ్లపు నీటితో కడిగి ఆ కడుగు నీటినీ క్యాన్‌లో కలపాలి, దాని పరిమాణాన్ని వేరుగా రాయాలి. క్యాన్‌ను తూకం వేయాలి, గీతల మీద చూసి లీటర్లు రాయొద్దు.

అయోడిన్-131 కోసం మాత్రం ఈ క్యాన్ పనికిరాదు. నత్రికామ్లంలో అయోడైడు ఆక్సీకరణం చెంది అయోడిన్ ఆవిరిగా లేచిపోతుంది. దానికి ఆమ్లం వేయని వేరే సీసా, అందులో చిటికెడు పొటాషియం అయోడైడు, కాస్త క్షారం. మామూలు రోజుల్లో అయోడిన్ ఏమీ రాదు. కానీ దాని అర్ధాయువు 8 రోజులే కాబట్టి కావలసిన రోజున పద్ధతి వెతుక్కుంటూ కూర్చునే వ్యవధి ఉండదు, అలవాటు ముందే ఉండాలి.

తుపాను గురించి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. అలాంటి రోజున 20 లీటర్ల క్యాన్ 80 మిల్లీమీటర్లకే నిండి పొర్లుతుంది. పొర్లిన క్యాన్ నుంచి తీసిన అంకె మొత్తం వానకు చెల్లదు, ముందు పడిన చినుకుల్లో ఎక్కువ రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి. తుపాను హెచ్చరిక రాగానే రెండో క్యాన్‌ను గొట్టంతో గొలుసుగా కలపాలి, స్టాండును నాలుగు వైపులా తాళ్లతో మేకులకు బిగించాలి. సముద్రపు తుంపర కలుస్తుంది కనుక క్లోరైడ్ కూడా కొలవాలి. ఇంకొకటి, సముద్రం మీద రేడాన్ తక్కువ, కాబట్టి తుపాను వానలో రేడాన్ సంతతి తక్కువ ఉండి, వేసవిలో భూమి మీద నుంచి లేచే ఉరుముల వానలో ఎక్కువ ఉండడం సహజం. ఆ తేడా ఇక్కడ ఎంతన్నది మూడేళ్ల లెక్కలోనే తేలుతుంది. ఒక్క సీజన్ చూసి సగటు వేస్తే తప్పుతుంది.

పది లీటర్లను నేరుగా కొలవలేం, అందులోని పదార్థాన్ని కొద్ది పరిమాణంలోకి కుదించాలి. మరిగించి ఇంకించడం సులువే గానీ తెర్లితే చిమ్మి పోతుంది, అడుగంటేదాకా వేడి చేస్తే పొలోనియం కొంత పోతుంది, ఒడ్డున అయితే చివరికి మిగిలేది గుప్పెడు ఉప్పు. రసాయన పద్ధతి మేలు. ముందు 0.45 మైక్రాన్ల వడపోత కాగితంతో దుమ్ము తీసేసి, ఆ కాగితాన్ని వేరుగా దాచాలి. ఆమ్లపు నీటిలో కొద్దిగా స్థిర (రేడియోధార్మికత లేని) సీజియం ఉప్పు, 3 గ్రాముల అమ్మోనియం మాలిబ్డోఫాస్ఫేటు వేసి గంటసేపు కలిపి ఒక రాత్రి వదిలితే సీజియం ఆ పసుపు పొడిని పట్టుకుని కిందికి దిగుతుంది. వడకట్టాక మిగిలిన నీటికి 1 గ్రాము ఫెర్రిక్ క్లోరైడు స్ఫటికాలు, అంటే సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము వేసి, అమ్మోనియాతో పీహెచ్ 8.5, 9 మధ్యకు తేవాలి. ఇటుకరంగు తెట్టు కట్టి, బెరీలియం, సీసం, పొలోనియంలను వెంట తీసుకుని దిగుతుంది. ఈ వరుస తారుమారు కాకూడదు: ముందే అమ్మోనియా పోస్తే తరువాత వేసే పసుపు పొడి ఆ క్షారంలో కరిగిపోతుంది, సీజియం చేతికి రాదు. పైతేట నీటిలో ఇంకోసారి ఇనుము వేసి దించి, ఆ రెండో తెట్టును కూడా కొలిస్తే మొదటిసారి ఎంత తప్పించుకుందో తెలుస్తుంది. ప్రతి పది నమూనాలకు ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌ను అదే పళ్లెంలో పోసి, అదే క్యాన్‌లో పట్టి, అన్ని దశలూ చేయాలి. అక్కడ ఏమైనా కనిపిస్తే తప్పు వానలో లేదు, పాత్రల్లోనో రసాయనాల్లోనో ఉంది.

ఇక గామా స్పెక్ట్రమ్, అంటే ఏ శక్తి గామా కిరణాలు ఎన్ని వచ్చాయో చూపే పటం. అందులో ఒక్కో పదార్థం తనదైన శక్తి దగ్గర ఒక పీక్, అంటే గుట్ట, చూపిస్తుంది. గామా తగిలితే మెరిసే మూడంగుళాల సోడియం అయోడైడు స్ఫటికం, చుట్టూ 5 సెంటీమీటర్ల సీసపు కవచం ఉంటే జిల్లా స్థాయిలో ఉపయోగకరమైన పని జరుగుతుంది. బెరీలియం-7 గామా 477.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, వంద విచ్ఛిన్నాలకు పదిన్నర మాత్రమే. డిటెక్టర్ సామర్థ్యం 5 శాతం, ఆ శక్తి పరిధిలో నేపథ్యం సెకనుకు 1 అనుకుందాం. 24 గంటలకు నేపథ్యం 86,400. కనీసం ఎంత ఉంటే నమ్మకంగా పట్టగలమో లెక్కిస్తే నమూనా మొత్తంలో సుమారు 3 బెకరెళ్లు, పది లీటర్లకు పంచితే లీటరుకు 0.3. వానలో ఉండేది ఒకటి అటూ ఇటూ కాబట్టి పట్టగలం. సీజియం-137కు 662 దగ్గర వంద విచ్ఛిన్నాలకు 85 గామాలు వస్తాయి. సామర్థ్యం 4 శాతం, నేపథ్యం సెకనుకు 0.8 అనుకుంటే పట్టగల కనీస మొత్తం లీటరుకు 0.04 బెకరెల్. ఈ హద్దు అంకె ప్రతి నివేదికలోనూ ఉండాలి. ‘సీజియం లేదు’ అన్న వాక్యానికి అర్థం లేదు. ‘0.04 కంటే తక్కువ’ అన్నదానికి ఉంది.

సోడియం అయోడైడుతో మన తీరంలో వచ్చే మోసాలు ముందే చెప్పుకోవాలి. బెరీలియం పీక్‌కు ఒక పక్క 463 దగ్గర యాక్టీనియం-228, ఇంకో పక్క 511 దగ్గర థాలియం-208 ఉంటాయి. రెండూ థోరియం సంతతే. ఈ డిటెక్టర్‌లో పీక్ వెడల్పే 35, 40 ఉంటుంది కనుక మూడూ కలిసి ఒకే గుట్టగా కనిపిస్తాయి. వడపోతలో ఇసుక గింజలు పోతాయి, నాలుగైదు రోజులు ఆగితే సీసం-212 పోతుంది. అయినా అనుమానం తీరకపోతే 53 రోజుల తరువాత మళ్లీ కొలవాలి. సగమైతేనే అది బెరీలియం. తాజా నమూనాలో బిస్మత్-214 పీక్ 609 దగ్గర వచ్చి, డిటెక్టర్ కాస్త జరిగి ఉంటే 662 లాగా కనిపిస్తుంది. ఉన్నట్టుండి ‘వానలో సీజియం’ వార్తలు పుట్టేది ఇలాగే. డిటెక్టర్ జరగడానికి ఉష్ణోగ్రత చాలు. మే నెలలో ఏసీ లేని గదిలో పగటికీ రాత్రికీ తేడాకు పీక్ కొన్ని శాతం కదులుతుంది, 24 గంటల స్పెక్ట్రమ్ అలికినట్టవుతుంది. అందుకని 24 గంటలను గంటకొకటి చొప్పున 24 ముక్కలుగా దాచి, ప్రతి ముక్కలోనూ పొటాషియం-40 పీక్ 1461 దగ్గరే ఉందో లేదో చూసి, సరిచేశాకే కలపాలి. కరెంటు పోతే ఒక గంట ముక్కే పోతుంది, రోజంతా పోదు. అంతిమ నిర్ధారణకు జెర్మేనియం డిటెక్టర్ కావాలి, అందులో 463, 478, 511 విడివిడిగా నిలబడతాయి. అందుకే ఏడాదికి కొన్ని నమూనాలు పెద్ద ప్రయోగశాలకు వెళ్లాలని అడుగుతున్నాం.

ఏ పదార్థం నుంచి వచ్చిందో విడదీయకుండా మొత్తం ఆల్ఫా కణాలు, మొత్తం బీటా కణాలు కొలిచి తాగునీటి ప్రమాణంతో పోల్చడం తేలిగ్గా దొరికే దారి. ఐఎస్ 10500 ప్రకారం ఆల్ఫాకు లీటరుకు 0.1, బీటాకు 1 బెకరెల్. అయితే అప్పుడే పడిన వానను అలా కొలిస్తే రేడాన్ సంతతి వల్లే ఆ హద్దు దాటుతుంది. కనీసం ఐదు రోజులు ఆగని ఏ మొత్తం బీటా అంకెనూ ఎవరు ప్రకటించినా నమ్మొద్దు, అది మేమైనా మీరైనా. ఒడ్డు నమూనాలో ఉప్పు పేరుకుని ఆల్ఫాను మింగేస్తుంది కూడా.

ట్రిటియం దగ్గర మాకు ఎక్కువ ఆందోళన ఉంది. రియాక్టరు ఏ ఇబ్బందీ లేకుండా నడిచినా, అనుమతించిన హద్దుల్లోనే అయినా, నీటి ఆవిరిగా కొంత ట్రిటియం వదులుతుంది. నీటిలో నీరైపోతుంది కాబట్టి ఏ వడపోతా దాన్ని ఆపదు. దాని బీటా శక్తి గరిష్ఠంగా 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. గైగర్ గొట్టం గోడ కూడా దాటలేదు. ఏ చేతి పరికరమూ వాననీటి ట్రిటియాన్ని చూపించలేదు, చూపిస్తానన్న వాళ్లను నమ్మొద్దు. దీనికి వేరే గరాటు, వేరే సీసా. 20 సెంటీమీటర్ల వ్యాసం గరాటుకు 20 మిల్లీమీటర్ల వానలో ఆరొందల మిల్లీలీటర్ల పైన వస్తుంది, 500 చాలు. ఆమ్లం చుక్క వేయకూడదు. గరాటు నుంచి సన్నని గొట్టం సీసా అడుగుదాకా దిగితే ఆవిరి నష్టం తగ్గుతుంది. సీసాను అంచుదాకా నింపి, గాలి లేకుండా బిగించాలి. రేడియం పూసిన పాత గడియారాల సంగతి కాదు గానీ, ట్రిటియంతో వెలిగే ముళ్లున్న వాచీ ఉన్న గదిలో ఈ సీసాలు తెరవకూడదు.

ప్రయోగశాలలో ముందు స్వేదనం చేసి, 8 నుంచి 10 మిల్లీలీటర్ల నీటిని సింటిలేషన్ ద్రావకంతో (బీటా తగిలితే మెరిసే ద్రవంతో) కలిపి, ఒక రాత్రి చీకట్లో ఉంచి కొలుస్తారు. వెలుతురు తగిలిన వెంటనే కొలిస్తే రసాయన కాంతి లెక్కలో కలుస్తుంది. మన అక్షాంశాల్లో ఇవాళ్టి వానలో ట్రిటియం లీటరుకు ఒక బెకరెల్ లోపే. మామూలు కౌంటర్ పట్టే హద్దు దానికంటే పైనే ఉంటుంది. కాబట్టి విద్యుద్విశ్లేషణతో 500 మిల్లీలీటర్లను ఇరవై, ముప్పై మిల్లీలీటర్లకు కుదించాలి. తేలిక హైడ్రోజన్ ముందుగా లేచిపోయి ట్రిటియం వెనక మిగులుతుంది. ఈ వసతి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో, రూర్కీ జాతీయ జలవిజ్ఞాన సంస్థలో ఉంది. మీరు చేయాల్సింది ఒప్పందం, రవాణా ఖర్చు. కుదింపు లేకుండా కొలిచి ‘హద్దు కంటే తక్కువ’ అని రాస్తే చట్టానికి సరిపోతుంది, ప్రాథమిక లెక్కకు సరిపోదు. రేపు లీటరుకు అర బెకరెల్ నుంచి రెండుకు పెరిగినా రెండూ ‘హద్దు కంటే తక్కువ’ గడిలోనే కూర్చుంటాయి. రెండు బెకరెళ్లు ఆరోగ్యానికి ప్రమాదమని మేము అనడం లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన స్థాయి 10,000. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి.

స్టేషన్లు ఎక్కడన్నది గాలిని బట్టి నిర్ణయించాలి. నైరుతి రుతుపవనాల్లో గాలి కొవ్వాడ నుంచి శ్రీకాకుళం, కళింగపట్నం వైపు. చలికాలంలో తిరగబడి భోగాపురం, విజయనగరం వైపు. కాబట్టి కొవ్వాడ ఒడ్డున ఒకటి, రణస్థలంలో ఒకటి, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం గానీ ట్రిపుల్ ఐటీ గానీ ప్రధాన స్టేషన్‌గా, కళింగపట్నంలో ఒకటి, భోగాపురంలో ఒకటి, విజయనగరంలో ఒకటి. పోల్చుకోవడానికి ఒడ్డుకు దూరంగా రాజాంలో, కొండల్లో సీతంపేటలో ఒక్కొక్కటి. వేరే జిల్లా అని విజయనగరాన్ని వదిలేయొద్దు.

కొవ్వాడలో ఇప్పటికే ఎవరైనా వాన నమూనాలు తీసి ఉంటే ముందు ఆ అంకెలు, వాటి పట్టగల హద్దులతో సహా బయటపెట్టండి. ప్రతి నమూనాను మూడు భాగాలు చేయండి. ఒకటి కాలేజీకి, ఒకటి భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) పర్యావరణ ప్రయోగశాలకు, మూడోది సీలు వేసి పదేళ్లు దాచడానికి. సీజియం-137, సీసం-210 అప్పటికీ ఎక్కువ భాగం మిగిలే ఉంటాయి, వివాదం వస్తే తెరిచి చూడొచ్చు. అంకెల్ని రెండు రకాలుగా ఇవ్వండి: లీటరుకు బెకరెళ్లు, చదరపు మీటరుకు బెకరెళ్లు. లీటరుకు 1 బెకరెల్ ఉన్న 10 మిల్లీమీటర్ల వాన, లీటరుకు 0.1 ఉన్న 100 మిల్లీమీటర్ల వాన నేలకు చేర్చేది ఒక్కటే. సగటులతో పాటు గంటగంట స్పెక్ట్రమ్ ఫైళ్లు కూడా ఎవరైనా దింపుకునేలా ఉంచండి. అనుకోని అంకె వస్తే 48 గంటల్లో మూడో భాగాన్ని కాక మొదటి రెండింటినీ మార్చుకుని కొలిచి, ఫలితం ఏదైనా గ్రామ సచివాలయం బోర్డు మీద తెలుగులో అతికించండి.

పళ్లేలు, క్యాన్లు, స్టాండ్లు ఇక్కడి వెల్డింగ్ షాపులోనే తయారవుతాయి. ప్రామాణిక రేడియోధార్మిక మూలాలు నవీ ముంబయిలోని అణుశక్తి శాఖ సంస్థ బ్రిట్ నుంచి తెప్పించుకోవాలి, ఆ అనుమతికే సమయం పడుతుంది. కాబట్టి ఆ దరఖాస్తు ముందు పెట్టి, సిబ్బంది శిక్షణ ఏప్రిల్, మే నెలల్లో ముగించి, తొలకరికి క్యాన్లు సిద్ధంగా ఉండేలా ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం. నమూనా తీసే పద్ధతి రాయడానికి, ల్యాబ్ సిబ్బందికి నేర్పడానికి మేము ఏ పారితోషికమూ లేకుండా వస్తాం.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల భౌతిక, రసాయన శాస్త్ర అధ్యాపకులు, ప్రయోగశాల సిబ్బంది కొందరు